పాత కటకమా, కొత్త కటకమా?

జూలై నెలాఖరున మీ లెక్కల మాస్టారు పదవీ విరమణ చేస్తున్నారనుకోండి. తరగతి అంతా ఆయనతో కలిసి ఒక ఫోటో దిగాలని నిశ్చయించుకున్నారు. మీ చిన్నాన్నగారు వాడి పక్కన పెట్టేసిన నికాన్ ఫిల్ము కెమెరా మీ ఇంట్లో ఉంది. అందుకని ఫోటో తీసే పని మీకే అప్పగించారు. వానాకాలం కదా, బయట నిలబడే వీలుంటుందో ఉండదో! ముందుజాగ్రత్తగా మీరు కెమెరా పట్టుకుని తరగతి గదిలోకి వెళ్ళారు. వెనక గోడకు వీపు ఆనించి, నల్లబల్ల వైపు చూశారు. తీరా చూస్తే బల్లలో సగం కూడా కనిపించడం లేదు!

ఎందుకని? కెమెరాకు తగిలించి ఉన్నది 50 మిల్లీమీటర్ల కటకం. ఫిల్ము మీద బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. మీకూ బల్లకూ మధ్య దూరం 4 మీటర్లనుకుందాం. సరూప త్రిభుజాలు గుర్తున్నాయి కదా! ఆ దూరంలో కెమెరాకు కనిపించే వెడల్పు 36ని 50తో భాగించి 4తో గుణించినంత. అంటే 2.88 మీటర్లు. నలభై మంది ఆ వెడల్పులో ఎలా పడతారు?

అదే 28 మిల్లీమీటర్ల కటకమైతే? 36ని 28తో భాగించి 4తో గుణించండి. 5 మీటర్ల పైచిలుకు వస్తుంది. గోడను వెనక్కి జరపకుండానే గది పెద్దదైనట్లు! ఇలా ఎక్కువ విశాలంగా చూసే కటకాన్ని 'వైడ్ యాంగిల్ లెన్సు' అంటారు. మనం విశాలకోణ కటకం అనుకుందాం. 50 మిల్లీమీటర్ల కటకం ఫిల్ము చట్రంలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు సుమారు 47 డిగ్రీల కోణాన్ని చూస్తే, 28 మిల్లీమీటర్లది సుమారు 75 డిగ్రీలు చూస్తుంది.

తరగతిలో చందాలు వేసుకుని, పాత కెమెరా సామాను అమ్మే దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు రెండు కటకాలు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ నికాన్ వారివే. రెండింటి మీదా 28 అనే ఉంది. ఒకటి 1960లలో తయారైంది. దాని పేరు నిక్కార్-హెచ్, ఎఫ్ 3.5. రెండోది 1980లలో వచ్చింది. నిక్కార్, ఎఫ్ 2.8. రెండోదానికి ధర ఎక్కువ. "పాతదే బంగారం బాబూ, ఆ రోజుల్లో ఇనుములా చేసేవారు" అన్నాడు దుకాణదారు. "కొత్తదే కొనరా, కొత్తదెప్పుడూ మెరుగే కదా" అన్నాడు మీ స్నేహితుడు.

ఎవరి మాట నమ్మాలి? చందా డబ్బు ఒక్కసారే ఖర్చు చేయగలరు. మాస్టారి పదవీ విరమణ రోజు మళ్ళీ రాదు. అలాంటప్పుడు ఇద్దరి మాటా పక్కన పెట్టి, ఆ గాజుముక్కల్లో ఏముందో చూడటమే మంచిది. పదండి, చూద్దాం.

అద్దం తెచ్చిన చిక్కు

దూరంగా ఉన్న వస్తువు ప్రతిబింబం కటకానికి వెనక, దాని నాభ్యంతరమంత దూరంలో ఏర్పడుతుందని మీరు చదువుకున్నారు. ఆ లెక్కన 28 మిల్లీమీటర్ల కటకం ఫిల్ముకు 28 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి.

అయితే మీ చిన్నాన్నగారి కెమెరాలో ఫిల్ముకు ముందు ఒక అద్దం ఏటవాలుగా నిలబడి ఉంటుంది. కటకం గుండా వచ్చిన కాంతిని పైకి మళ్ళించి, మీ కంటికి చూపించేది ఆ అద్దమే. మీట నొక్కగానే అది పైకి లేస్తుంది, కాంతి ఫిల్ము మీద పడుతుంది, వెంటనే అద్దం కిందికి దిగుతుంది. ఇలా లేచి దిగడానికి దానికి చోటు కావాలి కదా! అందుకే నికాన్ కెమెరాలలో కటకాన్ని తగిలించే వలయానికీ ఫిల్ముకూ మధ్య 46.5 మిల్లీమీటర్ల ఎడం పెట్టారు. కటకం వెనక భాగం ఆ వలయంలోంచి కొద్దిగా లోపలికి రావచ్చు. అంతకు మించి వస్తే అద్దం వచ్చి దానికి కొట్టుకుంటుంది.

1959లో ఈ కెమెరాల వరుస మొదలైనప్పుడు నికాన్ వారు 21 మిల్లీమీటర్ల కటకం ఒకటి ఇచ్చారు. దాన్ని తగిలించాలంటే ముందుగా అద్దాన్ని పైకెత్తి అక్కడే బిగించేయాలి. అప్పుడిక కెమెరాలోంచి ఏమీ కనిపించదు. విడిగా ఒక చిన్న దర్శినిని పైన తగిలించుకుని చూడాల్సిందే. ఎంత అవస్థ!

మరి అద్దాన్ని కదపకుండా, 28 మిల్లీమీటర్ల కటకాన్ని 28 మిల్లీమీటర్ల కంటే దూరంగా పెట్టడం ఎలా? ఇది సాధ్యమేనా?

సాధ్యమే. ముందు ఒక పుటాకార కటకం, కొంత ఎడంగా వెనక ఒక కుంభాకార కటకం పెట్టాలి. ఇలాంటి విశాలకోణ కటకాన్ని ఫ్రాన్సు దేశంలో పియర్ ఆంజెన్యూ 1950లో 'రెట్రోఫోకస్' అనే పేరుతో అమ్మకానికి తెచ్చాడు. 'వెనక్కి జరిగిన నాభి' అని అర్థం చెప్పుకోవచ్చు.

కాగితం తీసుకుని మనమే లెక్క కడదాం. ముందున్న పుటాకార కటకం నాభ్యంతరం 60 మిల్లీమీటర్లు. వెనకున్న కుంభాకార కటకం నాభ్యంతరం 30. రెండింటి మధ్య ఎడం 30. దూరంనుంచి సమాంతరంగా వచ్చిన కిరణాలు పుటాకార కటకం గుండా పోగానే విడిపోతాయి. అవి ఆ కటకానికి 60 మిల్లీమీటర్లు ముందున్న ఒక బిందువు నుంచి వస్తున్నట్లు కనిపిస్తాయి. అంటే వెనకున్న కుంభాకార కటకానికి వస్తుదూరం 60, 30 కలిపి 90. ఇప్పుడు మీ పాఠ్యపుస్తకంలోని సూత్రం వాడండి. 30లో ఒకటో వంతు నుంచి 90లో ఒకటో వంతు తీసేస్తే 45లో ఒకటో వంతు మిగులుతుంది. ప్రతిబింబం వెనక కటకానికి 45 మిల్లీమీటర్ల దూరంలో పడుతుందన్నమాట!

అయితే బొమ్మ పరిమాణం మాటేమిటి? వెనక కటకం ప్రతిబింబాన్ని 45ని 90తో భాగించినంత, అంటే సగానికి తగ్గిస్తుంది. 60లో సగం 30. కాబట్టి ఈ జంట పూర్తిగా 30 మిల్లీమీటర్ల కటకంలాగే పనిచేస్తుంది. కానీ ఫిల్ముకు 45 మిల్లీమీటర్ల దూరంలో హాయిగా కూర్చుంటుంది. చూశారా తమాషా!

చేసి చూడండి

దీనికి కెమెరా అక్కర్లేదు. ఒక భూతద్దం తీసుకోండి. గదిలో కిటికీకి ఎదురుగా నిలబడి, తెల్లకాగితం మీద కిటికీ అవతలి చెట్టు ప్రతిబింబం స్పష్టంగా పడేలా పట్టుకోండి. భూతద్దానికీ కాగితానికీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. 10 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు దూరపు చూపు ఆనని స్నేహితుడి కళ్ళజోడు అడిగి తీసుకోండి. అందులో ఉండేవి పుటాకార కటకాలు. దాన్ని భూతద్దానికి 10 సెంటీమీటర్ల ముందు పట్టుకోండి. కాగితం మీద చెట్టు మసకబారుతుంది. కాగితాన్ని కొంచెం వెనక్కి జరపండి. మళ్ళీ స్పష్టమవుతుంది! కళ్ళజోడు శక్తి 2 డయాప్టర్లయితే కాగితం సుమారు 12 సెంటీమీటర్లకు జరగాలి. చెట్టు పరిమాణం మాత్రం దాదాపు మారదు. రెట్రోఫోకస్ కటకం కిటుకంతా ఇదే.

ఒక హెచ్చరిక. భూతద్దంతో గానీ కెమెరా కటకంతో గానీ సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకండి. కళ్ళు పోతాయి.

అక్షరంలో దాగిన అంకె

రెండు గాజుముక్కలతో ప్రతిబింబం వెనక్కి జరిగింది. కానీ అది మంచి ప్రతిబింబం కాదు. అంచుల్లో రంగులు చీలతాయి. తిన్నని గోడ పీపాలాగా ఉబ్బుతుంది. మూలల్లోని మొహాలు అలుక్కుపోతాయి. వీటిని కటకపు విపథనాలు అంటారు. ఒక గాజు చేసిన తప్పును మరో గాజుతో దిద్దుకుంటూ పోవాలి. అందుకే కెమెరా కటకంలో ఇన్ని గాజుముక్కలుంటాయి.

పాత కటకం మీద 'హెచ్' అనే అక్షరం చూశారు కదా! అది దాని జాతకం. గ్రీకు భాషలో 'హెక్స్' అంటే ఆరు. లోపల ఆరు గాజు కటకాలున్నాయని దాని అర్థం. ఆ రోజుల్లో నికాన్ వారు లాటిన్, గ్రీకు అంకెల మొదటి అక్షరాలు వాడేవారు. 'క్యూ' అంటే నాలుగు, 'పి' అంటే అయిదు, 'ఎస్' అంటే ఏడు, 'ఓ' అంటే ఎనిమిది, 'ఎన్' అంటే తొమ్మిది. 1970ల నడుమ ఈ పద్ధతి మానేశారు. అందుకే మీ ముందున్న రెండో కటకం మీద అలాంటి అక్షరం లేదు. దానిలో ఎనిమిది గాజులున్నాయి.

ఆరు, ఎనిమిది. రెండు గాజులు ఎక్కువ. అవి ఊరికే రాలేదు. ఒక్కొక్క కిరణం ఒక్కొక్క తలం దగ్గర ఎంత వంగుతుందో లెక్కకట్టాలి. గాజుల సంఖ్య పెరిగితే లెక్కలు కొండలా పెరుగుతాయి. పూర్వం లాగరిథమ్ పట్టికలు ముందు పెట్టుకుని నెలల తరబడి ఈ లెక్కలు చేసేవారు. ఈ బాధ పడలేకే జపానులో ఫుజి ఫిల్ము సంస్థలో పనిచేసిన ఒకాజాకి బుంజి ఒక యంత్రాన్ని కట్టాడు. దాని పేరు ఫుజిక్. అందులో సుమారు 1,700 వాక్యూం ట్యూబులుండేవి. 1956లో అది పూర్తయింది. జపాను దేశపు మొట్టమొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరు అదే! ఒక దేశపు తొలి కంప్యూటరు పుట్టింది కటకాల లెక్కల కోసమన్నమాట.

తలం తలానికీ పన్ను

గాజులు ఎక్కువైతే మంచిదే అయినప్పుడు ఇరవై పెట్టొచ్చుగా? అని మీరు అడగవచ్చు. ఇక్కడ ఇంకో చిక్కుంది.

రాత్రివేళ దీపం వెలుగుతున్న గదిలోంచి కిటికీ అద్దంలోకి చూడండి. మీ మొహం కనిపిస్తుంది. గాలిలోంచి గాజులోకి పోయేటప్పుడు కాంతి అంతా లోపలికి పోదు. మామూలు గాజయితే సుమారు 4 శాతం వెనక్కి పరావర్తనం చెందుతుంది. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు మళ్ళీ అంతే. ప్రతి తలం దగ్గరా పన్ను కట్టాల్సిందే!

మన రెండు కటకాలలోనూ గాజులు ఒకదానికొకటి అంటించి లేవు, విడివిడిగా ఉన్నాయి. కాబట్టి పాతదానిలో 12 తలాలు, కొత్తదానిలో 16 తలాలు. ఏ పూతా లేకపోతే పాతదాని గుండా 61 శాతం కాంతి, కొత్తదాని గుండా 52 శాతం కాంతి మాత్రమే దాటుతుంది. 0.96ను 12 సార్లు, 16 సార్లు గుణించి చూడండి.

పోయిన కాంతి పోతే పోయిందనుకుంటే పొరపాటే. అది ఎక్కడికీ పోదు. గాజుల మధ్య అటూ ఇటూ తిరిగి, కొంత చివరకు ఫిల్ము మీదే పడుతుంది. అప్పుడు నల్లగా ఉండాల్సిన జుట్టు బూడిద రంగుకు తిరుగుతుంది. ఫోటో అంతా మంచు కమ్మినట్లు ఉంటుంది. కిటికీగానీ దీపంగానీ ఎదురుగా ఉంటే, లేని వెలుగుచుక్కలు దయ్యాల్లా వరుసకడతాయి.

దీనికి మందు అనుకోకుండా దొరికింది. 1890లలో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ అనే కటకాల నిపుణుడు ఒక సంగతి గమనించాడు. ఏళ్ళు గడిచి పైభాగం మసకబారిన పాత కటకాలు, కొత్త కటకాల కంటే ఎక్కువ కాంతిని పోనిస్తున్నాయి! గాజు పైన ఏర్పడిన సన్నని పొరే దానికి కారణం. పొర పైతలం నుంచి ఒక తరంగం, అడుగు తలం నుంచి ఒక తరంగం వెనక్కి వస్తాయి. పొర మందం సరిగ్గా సరిపోతే ఒకదాని శిఖరం మీద మరొకదాని లోయ పడి రెండూ రద్దవుతాయి. దీన్నే వ్యతికరణం అంటారు. సబ్బుబుడగ మీద రంగులు పుట్టేది కూడా ఇందువల్లనే.

1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా ఇలాంటి పూతను శూన్యంలో కావాలని పూసే పద్ధతి కనిపెట్టాడు. సాధారణంగా వాడే మెగ్నీషియం ఫ్లోరైడు పూత మందం సుమారు 100 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు! దీనితో పన్ను 4 శాతం నుంచి సుమారు ఒకటిన్నర శాతానికి దిగుతుంది. 1960లనాటి మన పాత కటకానికి ఉన్నది ఇలాంటి పూతే. 1970ల తొలినాళ్ళ నుంచి నికాన్ కటకాలకు ఒకదానిమీద ఒకటిగా అనేక పూతలు వేయడం మొదలైంది. అప్పుడు పన్ను అర శాతం దాకా దిగుతుంది.

ఇప్పుడు లెక్క మళ్ళీ కట్టండి. ఒంటిపూత ఉన్న 12 తలాల పాత కటకం గుండా సుమారు 83 శాతం. బహుపూతలున్న 16 తలాల కొత్త కటకం గుండా సుమారు 92 శాతం. తలాలు ఎక్కువైనా నష్టం తక్కువ! గాజులు పెంచే ధైర్యం వచ్చింది ఈ పూతల వల్లనే.

దగ్గరకు పోతే?

కొత్తదానిలో ఇంకో విశేషం ఉంది. కటకాల లెక్కలు మామూలుగా దూరపు వస్తువులకు సరిపోయేలా చేస్తారు. వస్తువు బాగా దగ్గరకు వస్తే సరిదిద్దిన తప్పులు మళ్ళీ తల ఎత్తుతాయి. ముందు పుటాకారం, వెనక కుంభాకారం ఉన్న రెట్రోఫోకస్ కటకాలలో ఈ బాధ మరీ ఎక్కువ.

దీనికి ఉపాయం 1967లో నికాన్ వారి 24 మిల్లీమీటర్ల కటకంలో వచ్చింది. సాధారణంగా ఫోకస్ వలయం తిప్పితే లోపలి గాజులన్నీ ఒకే కట్టగా ముందుకు జరుగుతాయి. ఇందులో మాత్రం గాజుల మధ్య ఎడం కూడా దూరాన్ని బట్టి మారుతుంది. మన కొత్త 28 కటకంలోనూ ఈ ఏర్పాటుంది. అందుకే అది 20 సెంటీమీటర్ల దగ్గరి వస్తువును కూడా చక్కగా చూపుతుంది. మొదటి నమూనా నిక్కార్-హెచ్ 60 సెంటీమీటర్ల కంటే దగ్గరకు పోలేదు. పువ్వునూ దాని వెనకున్న తోటనూ ఒకే బొమ్మలో చూపాలంటే కొత్తదే కావాలి. తరగతి ఫోటోకు మాత్రం ఈ గొప్పతనం అక్కరకు రాదు. మీ మాస్టారు 20 సెంటీమీటర్ల దూరంలో నిలబడరు కదా!

ఇక ఎఫ్ 3.5, ఎఫ్ 2.8 అనే అంకెల సంగతి. 3.5ను 2.8తో భాగించి వర్గం కట్టండి. 1.56 వస్తుంది. ద్వారం పూర్తిగా తెరిచినప్పుడు కొత్తది ఒకటిన్నర రెట్లు ఎక్కువ కాంతిని తీసుకుంటుంది. చీకటి గదిలో కదిలే పిల్లల్ని తీయాలంటే ఇది పెద్ద లాభం. కానీ మూడు వరుసల్లో నిలబడ్డ వాళ్ళందరూ స్పష్టంగా రావాలంటే మీరెలాగూ ద్వారాన్ని ఎఫ్ 8కి తగ్గిస్తారు. ఎఫ్ 8 దగ్గర, మూడు మీటర్ల పైచిలుకు దూరానికి ఫోకస్ చేస్తే, సుమారు ఒకటిన్నర మీటరు నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. అక్కడ పాతదానికీ కొత్తదానికీ తేడా బాగా తగ్గిపోతుంది. ద్వారం చిన్నదైనప్పుడు గాజు అంచుల గుండా వచ్చే చెడ్డ కిరణాలు ఆగిపోతాయి కనుక.

కొత్తదంటే ఎప్పుడూ మెరుగేనా?

ఇంతవరకు చదివి "అయితే కొత్తదే గెలిచింది" అనుకుంటున్నారా? ఆగండి. ఇదే సంస్థ ఇదే 28 కటకాన్ని ఎలా మార్చుకుంటూ వచ్చిందో చూడండి.

1960 ప్రాంతంలో ఎఫ్ 3.5, ఆరు గాజులు. 1970ల నడుమ ఎఫ్ 2.8, ఏడు గాజులు. 1981 ప్రాంతంలో ఎఫ్ 2.8, ఎనిమిది గాజులు. మరి 1986లో దానంతటదే ఫోకస్ చేసుకునే సరికొత్త 28 వచ్చినప్పుడు ఎన్ని గాజులున్నాయో తెలుసా? తొమ్మిది కాదు, అయిదు! 1979లో చవక కెమెరాల కోసం చేసిన 'సిరీస్ ఇ' కటకంలోని అమరికనే దానిలో వాడారు. ఫోకస్ చేసే పని సులువైంది గానీ, గాజుల అమరిక మాత్రం సాదాగా మారింది. 1994లో దాన్ని సవరించి ఆరు చేశారు. ఎనిమిది గాజుల కటకమేమో చేతితో తిప్పేదైనా 21వ శతాబ్దంలో కూడా తయారవుతూనే వచ్చింది.

కాబట్టి తేదీ చూసి కటకం గుణం చెప్పలేం. 'కొత్తది' అంటే 'ఏదో ఒక విషయంలో మారినది' అని మాత్రమే అర్థం. ఏ విషయంలో మారిందో, ఆ మార్పు మన పనికి కావాలో అక్కర్లేదో చూసుకోవాలి.

ఇంకో సూక్ష్మం. ఏడు గాజుల ఎఫ్ 2.8, ఎనిమిది గాజుల ఎఫ్ 2.8 పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. పొరబడకుండా గుర్తుపట్టడం ఎలా? దూరాల పట్టీ మీద చివరి అంకె చూడండి. 0.3 మీటర్లు అని ఉంటే ఏడు గాజులది. 0.2 అని ఉంటే ఎనిమిది గాజులది. ఎనిమిది గాజులదాని ద్వారపు అంకెల్లో అన్నిటికంటే చిన్న ద్వారాన్ని చూపే 22 నారింజ రంగులో ఉంటుంది.

ముందు వలయం, తరవాత గాజు

కటకం ఎంత గొప్పదైనా మీ కెమెరాకు తగలకపోతే ఏం లాభం? 1959 నుంచి నికాన్ వలయం ఆకారం ఒకటే. కానీ 1977లో ఒక మార్పు వచ్చింది. కటకం ద్వారం ఎంత తెరుచుకుంటుందో కెమెరాకు తెలియజేసే పద్ధతి మార్చారు. అంతకు ముందు కటకం పైన కుందేలు చెవుల్లాంటి చిన్న లోహపు కొమ్ము ఈ పని చేసేది. 1977 తరవాత కెమెరా వలయం చుట్టూ ఉన్న ఒక చిన్న పలుకును, కటకం వెనక అంచులోని గాడి నెట్టుతుంది.

మార్పు చేయని పాత కటకానికి ఆ గాడి ఉండదు. దాన్ని కొత్త పద్ధతి కెమెరాకు బలవంతంగా బిగిస్తే, చాలా నమూనాలలో ఆ చిన్న పలుకు విరిగిపోతుంది. అప్పుడు కటకం కొన్న ఆనందం కాస్తా కెమెరా బాగుచేయించే ఖర్చు కింద పోతుంది. అయితే చాలా పాత కటకాలకు తరవాత గాడి కోయించారు. వెనక అంచు చూస్తే తెలిసిపోతుంది. ద్వారపు అంకెలు రెండు వరుసల్లో ఉంటే సాధారణంగా అది కొత్త పద్ధతికి సరిపోయేదే. 1980లనాటి కటకానికి మాత్రం గాడీ ఉంది, కుందేలు చెవులూ ఉన్నాయి. అది పాత కెమెరాకూ తగులుతుంది, కొత్త కెమెరాకూ తగులుతుంది.

నేటి అద్దంలేని డిజిటల్ కెమెరాలకు ఒక అడాప్టరు వలయం పెడితే రెండూ తగులుతాయి. చిత్రమేమిటంటే, అద్దం పోయిన ఈ కెమెరాలలో కటకాన్ని వెనక్కి నెట్టాల్సిన అవసరమే చాలావరకు పోయింది! అయితే కెమెరాలోని కాంతిఫలకం 36 మిల్లీమీటర్ల వెడల్పుది కాక సుమారు 24 మిల్లీమీటర్లదే అయితే, 28 కటకం సుమారు 42 లాగా చూస్తుంది. విశాలత్వం పోతుంది. ఇది మరిచిపోవద్దు.

దుకాణంలో పరీక్ష

కటకాన్ని చేతిలోకి తీసుకోండి. ద్వారం పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చిలైటు వేసి, పక్కనుంచి వారగా చూడండి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే అది బూజు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఈ బెడద మరీ ఎక్కువ. బూజు విడిచే ఆమ్లాలు పూతనే కాదు, గాజును కూడా తినేస్తాయి. తుడిచినా మచ్చ పోదు. ఎనిమిది గాజుల కటకమైనా బూజు పట్టిందంటే, శుభ్రంగా ఉన్న ఆరు గాజుల కటకం ముందు దిగదుడుపే.

ద్వారపు ఆకుల మీద నూనె మెరుస్తోందా? ఫోకస్ వలయం మెత్తగా తిరుగుతోందా? ముందు గాజులో దీపం ప్రతిబింబం ఏ రంగులో ఉంది? ఒకే రకం లేతనీలమో లేత పసుపో అయితే ఒంటిపూత. ముదురు ఆకుపచ్చ, ఊదా రంగులు కలగలిసి ఉంటే బహుపూత అని ఊహించవచ్చు.

వీలైతే రెండింటితోనూ ఒకే ఇటుకగోడను తీసి చూడండి. కెమెరా కదలకూడదు, వెలుగు మారకూడదు, ద్వారం మారకూడదు. మారేది కటకం ఒక్కటే కావాలి. అప్పుడే కనిపించిన తేడా కటకానిదని చెప్పగలం. విజ్ఞానశాస్త్రంలో ఏ పరీక్షకైనా ఇదే సూత్రం.

కొన్నాక దాన్ని తోలు సంచిలో దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతోపాటు పెట్టండి. అప్పుడప్పుడు బయటికి తీసి వాడండి.

మరి ఏది కొనాలి?

ఇప్పుడు మీ తరగతి గదికి తిరిగి వద్దాం. మీ కెమెరా 1977కు ముందుదా, తరవాతదా? తరవాతదై, పాత కటకానికి గాడి లేకపోతే ఇక ఆలోచించనక్కర్లేదు, కొత్తదే. రెండూ తగులుతాయంటే గదిలో కిటికీలు ఎటున్నాయో చూడండి. పిల్లల వెనక కిటికీలుంటే వెలుగు నేరుగా కటకంలోకి కొడుతుంది. అప్పుడు బహుపూతల కటకానిదే పైచేయి. కిటికీలు పక్కనుంటే, లేదా పిల్లల్ని అలా పక్కకు తిప్పి నిలబెట్టగలిగితే, పాత కటకం చాలు. కెమెరాను ముక్కాలిపీట మీద బిగించి, ద్వారం ఎఫ్ 8 దగ్గర పెట్టి, అందరినీ ఒక్క క్షణం కదలొద్దనండి.

మాస్టారిని మాత్రం అంచున కూర్చోబెట్టకండి. విశాలకోణ కటకంలో అంచునున్న మొహాలు పక్కకు సాగి కనిపిస్తాయి. ఇది పాతదాని లోపమూ కాదు, కొత్తదాని లోపమూ కాదు. విశాలమైన లోకాన్ని చదునైన ఫిల్ము మీద పరిస్తే వచ్చే జ్యామితి అది. ఆ సంగతి ఆయనకు తెలుసు. మీకు ఆ పాఠం చెప్పిందే ఆయన కదా!

పాత కటకంతో సరిపోయిందా, చందాలో కొంత డబ్బు మిగులుతుంది. దానితో ఏం చేయాలో మేము చెప్పనక్కర్లేదు. నలభై మందికీ తలా ఒక ఫోటో కాపీ, మాస్టారికి చట్రం కట్టించిన పెద్దది ఒకటి.